ఒకే తాను, ఒకే చీర

సంపాదకులకు వందనాలు.

డిసెంబరు రెండో వారంలో మీ కుటుంబం పేజీలో తక్కువ ఖర్చుతో క్రిస్మస్ ఎలా చేసుకోవాలో రాశారు. చదివిన రోజే జవాబు రాద్దామనుకున్నాను. అప్పటికి నా మిషన్ పక్కన ముప్ఫై ఎనిమిది జాకెట్ల గుడ్డ పడి ఉంది. ఇవాళ 27వ తేదీ. ఆడపడుచు వాళ్లు ఊరికి వెళ్లారు, డబ్బాలో చివరి నాలుగు అరిసెలు మిగిలాయి, నాకు కాస్త తీరిక చిక్కింది.

మాది తెనాలి దగ్గర పల్లె. ఇంట్లో కుట్టుపని చేస్తాను. ఆయన ఆటో నడుపుతారు. అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిది, పైన మా అత్తగారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ వ్యాసం ఎవరి కోసం రాశారో నాకు అర్థం కాలేదు. రెండు వేలలోపు వచ్చే ప్లాస్టిక్ చెట్టు కొనండి, నాలుగైదేళ్లు వాడుకోవచ్చు అన్నారు. మా వైపు సముద్రం దగ్గరి నుంచి సరుగుడు కట్టెల బళ్లు వస్తాయి. బండి మీద నుంచి ఒక కొమ్మ అడిగితే ఊరికే ఇస్తారు. నాలుగు రోజులు పచ్చగా ఉంటుంది, ఆ తరవాత కాగులో నీళ్లు కాగడానికి పనికొస్తుంది. కేకు బేకరీలో కొనకుండా ఓవెన్‌లో చేసుకోమన్నారు. నేను కుక్కర్ అడుగున ఇసుక పోసి, మూతకు రబ్బరు, విజిలూ తీసేసి చేస్తాను. పైన టూటీ ఫ్రూటీ చల్లితే మా వాడికి అది బేకరీ కేకే. రెండేళ్ల కిందట అడుగు మాడింది. మాడిన ముక్క ఎవరికి వచ్చిందో ఇప్పటికీ ఇంట్లో తగువే.

అసలు చెప్పవలసింది ఇది. మా లాంటి ఇళ్లలో పండుగ ఖర్చు చెట్టు దగ్గరా కేకు దగ్గరా పెరగదు. నలుగురి ముందు నిలబడవలసిన చోట పెరుగుతుంది. దాని గురించి మీ వ్యాసంలో ఒక్క మాట లేదు.

ముందు నా లెక్క చెబుతాను. ఈ క్రిస్మస్‌కు మా ఇంట్లో అయిన ఖర్చు 6,610 రూపాయలు. అందులో ముఖ్యమైనవి చెబుతాను. పిల్లలిద్దరి బట్టలకూ, అత్తగారి నేత చీరకూ కలిపి 2,250. అమ్మాయి చుడీదారు 23వ తేదీ రాత్రి పన్నెండు దాటాక కుట్టాను, దర్జీ ఇంట్లో పిల్లల వరస ఎప్పుడూ చివరే. ఆయన కిందటేడు చొక్కానే ఇస్త్రీ చేయించుకున్నారు. పిండివంటలకు ఎనిమిది వందలు. బియ్యం కొనలేదు. పక్క వీధి రైతు గారి ఇంట్లో మూడు జాకెట్లు కుట్టి కూలికి బదులు ఐదు కిలోల కొత్త బియ్యం తెచ్చుకున్నాను. డిసెంబరులో మా డెల్టాలో కోతలు అయిపోయి కొత్త బియ్యం వస్తుంది. అరిసెలకు అంతకు మించినది లేదు. ఒక రోజంతా నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఆరకముందే మరకు తీసుకెళ్లాలి. పాకం ఎప్పుడు దించాలో మాత్రం ఈ రోజుకీ అత్తగారు చెప్పాల్సిందే. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేసి, వేలితో ఉండ చేసి, పళ్లేనికేసి కొడతారు. ఠంగుమనకూడదు, చితికిపోనూకూడదు. కొన్నేళ్లు రేషన్ షాపులో క్రిస్మస్ కానుక సంచి ఇచ్చినప్పుడు బెల్లం, నెయ్యి, పామాయిల్ అందులోనే వచ్చేవి. ఇప్పుడు అవీ కొనుక్కోవాలి.

ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ వాళ్లు మా ఇంటికి రాత్రి రెండు గంటలకు వచ్చారు. డోలక్, తాళాలతో ఇరవై ఎనిమిది మంది. చలిలో వచ్చిన పిల్లలకు అల్లం టీ, బిస్కెట్లు ఇవ్వకుండా పంపలేను, అది నాకు ఇష్టమైన ఖర్చు. పాలకూ బిస్కెట్లకూ 410 అయింది. కవరులో రెండు వందలు పెట్టాను. మందిరంలో పండుగ కానుక ఐదు వందలు. ఆడపడుచుకు చీర ఆరు వందలు, అది తప్పదు, తప్పించాలనీ లేదు.

ఈ డబ్బు ఎక్కడిదని అడుగుతారేమో. మునుపు పండుగ చీటీ కట్టేదాన్ని. జనవరి నుంచి వారానికి వంద కడితే డిసెంబరులో నూనె, కందిపప్పు, బెల్లం, ఒక స్టీలు బిందె ఇస్తామని ఒకావిడ ఊరంతా కట్టించుకునేది. 2022లో నలభై ఎనిమిది వారాలు కట్టాను. నలభై తొమ్మిదో వారం వాళ్ల ఇంటికి తాళం ఉంది. 4,800 పోయాయి. ఆ ఏడాది మా ఇంట్లో అరిసెలు లేవు. సంక్రాంతికి పక్కింటి వాళ్లు పంపిన అరిసెలు పిల్లలు ఎలా తిన్నారో గుర్తొస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అప్పటి నుంచి హుక్కుల డబ్బా పక్కన ఒక రేకు డబ్బా పెట్టుకున్నాను. కుట్టిన ప్రతి జాకెట్టుకూ అందులో పది రూపాయలు వేస్తాను. ఈ ఏడాది 4,120 పోగయ్యాయి. అంటే 412 జాకెట్లు. ఎన్ని కుట్టానో నాకు డబ్బా లెక్కే చెప్పింది.

మిగతా 2,490 మెరూన్ చీరల పుణ్యం.

మా మందిరంలో స్త్రీల సమాజం ఉంది. అరవై నాలుగు మందిమి. నాలుగేళ్లుగా క్రిస్మస్‌కు అందరూ ఒకే చీర కట్టి, వేదిక ముందు నిలబడి పాట పాడాలని పెట్టుకున్నారు. మొదటి ఏడాది చీర 550. కిందటేడు పచ్చ చీర 900. ఈ ఏడాది జరీ అంచు మెరూన్ చీర 1,150. గుంటూరులో ఒక దుకాణంలో మాట్లాడి తెచ్చారు. నలభై ఒక్క మంది తీసుకున్నారు. అంటే నలభై ఏడు వేల నూట యాభై రూపాయలు ఒక్క రోజులో మా పల్లె నుంచి ఆ దుకాణానికి వెళ్లాయి. లైనింగ్ జాకెట్టు కుట్టుకూలి దీనికి అదనం. మూడు వందలకు కుట్టాను, బయట 350 తీసుకుంటున్నారు.

మిగిలిన ఇరవై ముగ్గురిలో నేను ఒకదాన్ని. అమ్మాయి ఫీజు ఉంది, ఈసారి వద్దని చెప్పాను. నలుగురు నవ్వారు, అంతే, నాకు పోయిందేమీ లేదు. కానీ అందరూ నాలా నోరున్న వాళ్లు కాదు. పత్తి తీతకు వెళ్లే ఒకామె డిసెంబరు మొదటి ఆదివారం నుంచి మందిరానికే రాలేదు. ఒంట్లో బాగాలేదన్నది. చేలో మాత్రం రోజూ కనబడుతూనే ఉంది. ఇంకొకామె మా వీధే. చీరకూ పిల్లల బట్టలకూ కలిపి డైలీ ఫైనాన్స్‌లో తీసుకున్నది. పది వేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. డిసెంబరు 20న మొదలైంది. కొత్త క్యాలెండర్ తీసి లెక్కపెట్టాను. మార్చి 29కి తీరుతుంది. ఆ రోజు మట్టల ఆదివారం, ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారం. మధ్యలో ఒక్క రోజు కూలి దొరకకపోయినా సాయంత్రం ఆరింటికి వసూలుకు వచ్చే బండి వాడు గుమ్మం ముందు హారన్ కొడతాడు, నలుగురూ వింటారు.

నేను చెప్పేది చూసి ఇదంతా ఓర్వలేనితనం అనుకోవద్దు. ఆ నలభై ఒక్క జాకెట్లలో ముప్ఫై ఎనిమిది నేనే కుట్టాను. లైనింగు, దారం, హుక్కులు, కరెంటు పోను ఎనిమిది వేల పైచిలుకు నాకు మిగలాలి. ఒకే చీర వద్దని నేను రాయడమంటే నా పొట్ట మీద నేను కొట్టుకోవడమే. ఆ మాట ఆయన కూడా అన్నారు, ఈ ఉత్తరం మొదటి పేజీ చదివి.

మా చిన్నప్పుడు కూడా ఒకే గుడ్డ కట్టుకున్నాం సార్. మేం ఐదుగురం పిల్లలం. నాన్న డిసెంబరులో ఒక తాను తెచ్చేవారు. నాకూ చెల్లెళ్లకూ గౌన్లు, తమ్ముళ్లకు చొక్కాలు, మిగిలితే దిండు గలీబు, అన్నీ అదే పువ్వుల గుడ్డ. తాను మొత్తం కొంటే గజానికి కొంత తగ్గేది, అందుకని. ఒక ఏడాది మా పెదనాన్న గారి పిల్లలకూ కలిపి కొన్నారు. పదకొండు మందిమి ఒకే నీలం పువ్వులతో మందిరంలో వరసగా కూర్చున్నాం. పాస్టరు అయ్యగారు చూసి ఇదేమిటి, బడి పిల్లలా అని అడిగారు. అప్పుడు ఒకే గుడ్డ కట్టుకున్నది అందరికీ సరిపోవాలని. ఇప్పుడు ఒకే చీర కడుతుంటే ఎవరికి సరిపోలేదో వేదిక ముందు తెలిసిపోతున్నది.

మా అత్తగారి తరం వాళ్లు ఆరాధనకు తెల్లచీర కట్టేవారు. ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారపు బల్లకు ఇప్పటికీ ఆవిడ అదే కడతారు. మా మందిరంలో నలభై దాటిన ఏ ఆడమనిషి పెట్టె తెరిచినా ఒక తెల్లచీర ఉంటుంది, నాఫ్తలీన్ ఉండలతో సహా. పాటకు అందరూ ఒకేలా కనిపించాలంటే అది చాలు కదా. నిరుడు సమాజం మీటింగులో ఈ మాట అన్నాను. ఫొటోలో తెలుపు బాగా రాదన్నారు. ఈసారి చీర తెచ్చిన రోజు అత్తగారికి చూపిస్తే, అంచు వేలితో రాసి చూసి, "బాలయేసును చుట్టిన పొత్తిగుడ్డలకు కుట్టుకూలి ఎంత తీసుకున్నారే?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది, తరవాత రోజంతా ఆ మాటే మిషన్ చప్పుడులో వినబడింది.

కానుకల విషయం కూడా చెప్పాలి. ఇంతకు మునుపు కవరు పెట్టెలో వేసేవాళ్లం, ఎవరు ఎంత వేశారో దేవుడికీ లెక్క రాసే పెద్దకూ తప్ప తెలిసేది కాదు. రెండేళ్ల నుంచి మైకులో పేరూ మొత్తమూ చదువుతున్నారు. పెళ్లిలో చదివింపులు చదివినట్టు. ఐదు వేలు అనగానే చప్పట్లు. వంద అనగానే చదివే ఆయన గొంతు కూడా తగ్గుతుంది, పాపం ఆయన మర్యాదస్తుడు. ఈ చదవడం ఒక్కటి ఆపితే చాలా ఇళ్లలో డిసెంబరు అప్పు సగం తగ్గుతుందని నా నమ్మకం. మా పెద్దలు వేదిక మరమ్మతుకు డబ్బు కావాలి, చదవకపోతే ఇవ్వరు అంటారు. కావచ్చు. మెదక్ చర్చికి నూరేళ్లు నిండినప్పుడు దాని సంగతి చదివాను. 1914లో మిషనరీ పోస్నెట్ దొర మొదలుపెట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. కరువు రోజుల్లో ఆ కట్టుబడి పనికి వచ్చిన జనానికి తిండి దొరికింది. అంత పెద్ద గుడి లేస్తూ బీదవాళ్ల కడుపు నింపితే, మా చిన్న మందిరం వేదికకు గచ్చు చేయించడానికి పత్తి కూలీ పేరు మైకులో చదవాలా?

జనవరి మొదటి వారంలో సమాజం మీటింగు ఉంది. వచ్చే ఏడాది చీర రంగు అప్పుడే మాట్లాడుకుంటారు, ముందే చెబితే దుకాణం వాళ్లు తగ్గిస్తారట. అక్కడ నేను అడగబోయేది ఇది. పాటకు తెల్లచీరలు కడదాం. చీరకు పెట్టగలిగిన వాళ్లు అందులో సగం సమాజానికి ఇవ్వండి. ఆ డబ్బుతో రెండు తానులు తెద్దాం, ఒకటి ఆడపిల్లలకు, ఒకటి మగపిల్లలకు. మా సండే స్కూల్లో నలభై మంది దాకా పిల్లలు ఉన్నారు. గౌనుకూ చొక్కాకూ సగం కూలికి నేను కుడతాను. ప్రెసిడెంటు గారి మనవరాలికీ పత్తి తీతకు వెళ్లే ఆమె కూతురికీ అదే గుడ్డ. ఫొటోలో అది బాగానే వస్తుంది. ఒప్పుకుంటారో లేదో చూడాలి.

మీ పత్రిక మా మందిరంలో చాలా ఇళ్లకు వస్తుంది. మీటింగు లోపల ఈ ఉత్తరం వేస్తే నలుగురు చదివి వస్తారని ఆశ. మీ కుటుంబం పేజీలో వచ్చే డిసెంబరుకు మళ్లీ రాసేటప్పుడు ప్లాస్టిక్ చెట్టు సంగతి అలా ఉంచి, డైలీ ఫైనాన్స్‌లో తొమ్మిది వేలకు వంద రోజుల వడ్డీ ఏటికి నూటికి ఎంత పడుతుందో ఎవరైనా బ్యాంకు వాళ్ల చేత లెక్క కట్టించి వేయండి. మా డ్వాక్రా సంఘంలో నూటికి రూపాయి వడ్డీకే ఇస్తాం, అక్టోబరులోనే అడిగి ఉంటే మా వీధి ఆమెకూ దొరికేది. అడగడానికి సిగ్గుపడింది. బండి వాడి దగ్గర సిగ్గు ఉండదు, అతను ఊరి వాడు కాదు కదా.

ఒక సంగతి మరచిపోయాను. ఈ ఏడాది మా ఇంటి నక్షత్రం మా వాడే చేశాడు. మా నాన్న చేసినట్టే వెదురు బద్దలు కట్టాడు. గాలిపటం కాగితం కొనడానికి పది రూపాయలు అడిగితే, మిషన్ కింద ఉన్న ముక్కలతో చేసుకో అన్నాను. మెరూన్ లైనింగు ముక్కలన్నీ అతికించి లోపల బల్బు పెట్టాడు. రాత్రి ఎర్రగా వెలిగింది. కేరల్స్‌తో వచ్చిన ఆడవాళ్లు తలెత్తి చూసి గుర్తుపట్టారు. "ఇది నా జాకెట్టు ముక్కే" అని ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా.

ఉత్తరం కింద నా పేరు వేయవద్దని మనవి. ఆ ముప్ఫై ఎనిమిది మందిలో పదకొండు మంది ఇంకా కుట్టుకూలి ఇవ్వలేదు. మూడు వేల మూడు వందలు రావాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి మండలం, గుంటూరు జిల్లా
27 డిసెంబరు 2025