ఆ ఖాళీ కుర్చీలు ఎవరివి?

సంపాదకులకు నమస్కారం.

నేను లండన్‌లో చదువుకుంటున్నాను. నెలల తరబడి ప్రయత్నిస్తే మొన్న ఒక ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి టికెట్ దొరికింది. తీరా వెళ్తే, నా ముందు వరుసలో ఆరు కుర్చీలు ఆట ముగిసేదాకా ఖాళీ! అవి సీజన్ టికెట్లవని, అంటే క్లబ్ సొంత మైదానంలో ఆడే లీగ్ మ్యాచ్‌లన్నింటికీ ఒకేసారి కొనుక్కున్న సీట్లని పక్కనున్న పెద్దాయన చెప్పారు. చాలా బాధేసింది.

ఒక్కో క్లబ్‌కు సొంత మైదానంలో ఏడాదికి 19 లీగ్ మ్యాచ్‌లు. అన్నింటికీ రావడం కష్టమే, కాదనను. కానీ రాలేనప్పుడు సీటును తిరిగి క్లబ్‌కే అప్పగించే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. ఇక్కడ అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. అందుకే మాలాంటివాళ్లకు అలా తిరిగొచ్చే సీట్లే ఆశ. జబ్బుచేసినవారి సంగతి వేరు. ఊరికే మాటిమాటికీ సీటు వదిలేసేవారికి మాత్రం క్లబ్బులు టికెట్ రెన్యూ చేయకూడదు. వెయిటింగ్ లిస్టులో ఏళ్లుగా ఉన్నవారికి ఇవ్వాలి.

– ఒక తెలుగు విద్యార్థి, లండన్