థర్మోస్టాట్ పీకేస్తే ఇంజను చల్లబడదు

సంపాదకులు గారికి,

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం అమల్లో ఉండే 61 రోజుల్లో విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో బోట్ల మరమ్మతులు ముమ్మరంగా సాగుతాయి. చెక్కకూ, రంగుకూ, వలలకూ దక్కే శ్రద్ధ ఇంజనును చల్లబరిచే ఏర్పాటుకు దక్కదు. పైగా ఇంజను వేడెక్కుతోందని డ్రైవరు చెప్పడమే తరువాయి, థర్మోస్టాట్‌ను (నీటి వేడిని బట్టి తెరుచుకునే, మూసుకునే కవాటాన్ని) పీకి పక్కన పెట్టే మెకానిక్కులు నేటికీ ఉన్నారు.

హీట్ ఎక్స్ఛేంజర్ (ఒక నీటి వేడిని మరో నీటికి మార్చే గొట్టాల పరికరం) ఉన్న ఇంజన్లలో లోపల తిరిగే మంచినీటిని సముద్రపు నీరు చల్లబరుస్తుంది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే, నీరు చల్లబడకుండా పక్కనుంచి తిరిగే బైపాస్ దారిని మూసేస్తుంది కనుక, దాన్ని తీసేస్తే వేడినీటిలో కొంత హీట్ ఎక్స్ఛేంజర్‌కు చేరకుండానే తిరిగి ఇంజనులోకి వస్తుంది. ఫలితంగా వల లాగే సమయంలో వేడి తగ్గకపోగా పెరుగుతుంది; భారం లేనప్పుడేమో ఇంజను మరీ చల్లబడి, డీజిల్ సరిగ్గా మండక మసి పేరుకుంటుంది.

అసలు చూడవలసింది ఇంజను వేడిని చూపే మీటరు ముల్లు ఎప్పుడు, ఎలా కదిలిందన్నది. వేగం పెంచినప్పుడే వేడి పెరిగి, తగ్గించగానే దిగివస్తుంటే సముద్రపు నీరు చాలడం లేదేమోనని మొదట అనుమానించాలి. పొగగొట్టం గుండా నీరు బయటికి పోయే బోట్లలో ఆ ధార పలచబడిందేమో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. సముద్రపు నీటిని వడకట్టే జల్లెడలో ప్లాస్టిక్ సంచి చిక్కుకుని ఉండవచ్చు, జల్లెడ మూత దగ్గర గాలి పీల్చుతూ ఉండవచ్చు, పంపులో నీటిని నెట్టే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్ రెక్కలు విరిగి ఉండవచ్చు. రెక్కలు విరిగితే కొత్త ఇంపెల్లర్ వేసి ఊరుకోకూడదు. ఆ ముక్కలు హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల ముందు అడ్డుపడి ఉండవచ్చు కనుక వెతికి తీయాలి. వేడి నెలల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతూ వస్తే గొట్టాల్లో పేరుకున్న పొర కారణం కావచ్చు. ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకుని ఇంజనుపై భారం పెరిగినా ముల్లు పైకే పోతుంది. మంచినీటి ట్యాంకులో ఆగకుండా బుడగలు వస్తూ నీరు తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్‌ను (సిలిండర్ల పైమూత కింద లీకు కాకుండా ఉంచే పొరను) పరీక్షించాలి.

ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే కొందరు సంతోషిస్తారు. ఇంజనులోని నీరు, వేడిని కొలిచే సెన్సారు కంటే కిందికి దిగినా ముల్లు అలాగే తక్కువ చూపవచ్చు. అప్పుడు వెంటనే ఇంజను ఆపాలి, చల్లారేవరకూ ట్యాంకు మూత తీయకూడదు. మీటరుదే తప్పనుకుంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో థర్మోస్టాట్ గూడు దగ్గర కొలిచి సరిచూసుకోవచ్చు.

కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, చేపల బోట్ల సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖలో ఉన్న కేంద్రం నిషేధ కాలంలో రేవుల్లోనే డ్రైవర్లకు ఈ పరీక్షలు చేసి చూపించాలని, ఏ వేగం వద్ద ఎంత వేడి చూపుతోందో రాసుకునే పుస్తకం ప్రతి బోటులోనూ ఉండేలా మత్స్యశాఖ చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక బోటు ఇంజన్ మెకానిక్,
విశాఖపట్నం