పనిచేసిన మందు పక్కకెందుకు పోయింది?

సంపాదకుడు గారికి,

రక్త క్యాన్సర్లకు యాంటీబాడీల (ఫలానా కణాన్ని వెతికి అంటుకునే ప్రొటీన్ల) ద్వారా రేడియేషన్ ఇచ్చే చికిత్స గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. శ్రద్ధగానే రాశారు. కానీ అదేదో నిన్నమొన్న పుట్టిన వింత అన్నట్టు రాయడమే నాకు మింగుడు పడలేదు. నేను న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నాలజిస్టుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ కోవలో మొదటి మందు జెవలిన్‌కు అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2002లో. మరుసటి ఏడాదే బెక్సార్ వచ్చింది. 2014లో బెక్సార్ అమ్మకాన్ని తయారీ సంస్థే ఆపేసింది. పనిచేయకనా? కాదు. వాడేవాళ్ళు లేక. జనం తెలుసుకోవలసిన కథ ఇదేనని నా అభిప్రాయం.

బి లింఫోసైట్ అనే తెల్ల రక్తకణాల పైపొర మీద సీడీ20 అనే ప్రొటీన్ ఉంటుంది. చాలా రకాల లింఫోమాల్లో (లింఫోసైట్లలో పుట్టే క్యాన్సర్లలో) క్యాన్సర్ కణాల మీదా అది ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి రేడియోధార్మికమైన ఇట్రియం-90నో (జెవలిన్) అయోడిన్-131నో (బెక్సార్) తగిలించి నరం ద్వారా ఎక్కిస్తారు. రక్త క్యాన్సర్లు ఒళ్ళంతా పాకి ఉంటాయి కాబట్టి బయటి నుంచి యంత్రంతో ఒక చోట గురిపెట్టి కొట్టడం కుదరదు; యాంటీబాడీ మాత్రం రక్తం వెళ్ళే ప్రతి చోటికీ వెళ్తుంది. పైగా ఈ కణాలు రేడియేషన్‌కు తొందరగా లొంగుతాయి. ఇట్రియం వెదజల్లే బీటా కణాలు (రేడియేషన్ రేణువులు) కొన్ని మిల్లీమీటర్ల దూరం పోతాయి గనక, యాంటీబాడీ అంటుకోని పక్క క్యాన్సర్ కణం కూడా చస్తుంది. మామూలు యాంటీబాడీకి లేని బలం అది. దాని మూల్యం ఎముక మజ్జ చెల్లిస్తుంది. కొన్ని వారాలకు ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు పడిపోతాయి, మళ్ళీ లేచేదాకా రోగిని కనిపెట్టుకుని ఉండాలి.

ఫలితాలు ఎలా ఉన్నాయంటే, 2002లో ప్రచురితమైన ఒక ట్రయల్‌లో 143 మంది లింఫోమా రోగులను రెండు వర్గాలు చేశారు. జెవలిన్ తీసుకున్నవాళ్ళలో 80 శాతం మందికి గడ్డలు తగ్గాయి. రేడియేషన్ తగిలించని సీడీ20 యాంటీబాడీ రిటుక్సిమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో 56 శాతం మందికి. జబ్బు మళ్ళీ ముదరడానికి పట్టిన కాలంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు, అదీ చెప్పాలి. 2005లో ఇంకొకటి: అంతకుముందు ఏ చికిత్సా తీసుకోని ఫాలిక్యులర్ లింఫోమా (నెమ్మదిగా పెరిగే రకం) రోగులు 76 మందికి బెక్సార్ ఒక్కటే ఇస్తే 95 శాతం మందికి పనిచేసింది, 75 శాతం మందిలో జబ్బు ఆనవాళ్ళు పూర్తిగా పోయాయి. పోల్చి చూడటానికి అందులో ఇంకో వర్గం లేదు గానీ, ఒకే ఒక్క విడత చికిత్సకు ఇవి చిన్న ఫలితాలేం కావు.

మరి ఎందుకు మూలపడింది? లింఫోమా రోగిని చూసేది రక్త క్యాన్సర్ డాక్టరు. కీమో, రిటుక్సిమాబ్ ఆయన క్లినిక్‌లోనే ఎక్కిస్తారు. రేడియోధార్మిక మందుకు ప్రత్యేక లైసెన్సు కావాలి, అది ఉండేది న్యూక్లియర్ మెడిసిన్ వాళ్ళ దగ్గర. అంటే డాక్టరు తన రోగిని వేరే చోటికి పంపాలి, రోగితో పాటు బిల్లూ పోతుంది. న్యూక్లియర్ మెడిసిన్ వాళ్ళ దగ్గరేమో లింఫోమా రోగులుండరు. బీమా చెల్లింపుల చిక్కు సరేసరి. ఇంతలో పోటీగా కొత్త మందులొచ్చాయి. రెండు విభాగాల మధ్య పడి ఈ చికిత్స రెంటికీ చెడ్డ రేవడి అయింది. ప్రయోగశాలలో గెలిచి బిల్లింగు బల్ల దగ్గర ఓడిందంటే తప్పు లేదు.

దీన్ని ఇచ్చే రోజు ఎలా ఉంటుందో బయటివాళ్ళకు తెలియదు. ఇట్రియం అర్ధాయువు, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, 64 గంటలు. అందుకే డోసు ఫలానా రోజుకు, ఫలానా గంటకు అని లెక్కగట్టి తెప్పించుకుంటారు. సిరంజికి వేసే కవచం యాక్రిలిక్‌ది, ఎందుకంటే బీటా కణాలు నేరుగా సీసం లోహానికి తగిలితే ఎక్స్‌రేలు పుడతాయి. అంతా సిద్ధం చేసుకున్నాక రోగి రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు లక్షకు తక్కువని వస్తే ఇవ్వడానికి లేదు. మందు ఫ్రిజ్‌లో దాచుకునేది కాదు. గంట గంటకూ కరిగిపోతూ చివరికి వ్యర్థాల గదిలో చల్లారుతుంది. ఇలాంటి మందుకు మామూలు ఇంజెక్షన్ చెల్లింపుల పద్ధతి వర్తింపజేస్తే ఏ ఆసుపత్రి ముందుకొస్తుంది?

ఇప్పుడు బీటా బదులు ఆల్ఫా కణాలు వెదజల్లే ఐసోటోపుల (రేడియోధార్మిక మూలకాల రూపాల) వంతు వచ్చింది. ఆక్టీనియం-225, ఆస్టటీన్-211 లాంటివి. ఆల్ఫా కణం పోయే దూరం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, అంటే ఒంట్లోని కొన్ని జీవకణాల మేర. ఆ కాస్త దూరంలోనే డీఎన్‌ఏను కోలుకోలేనంతగా తెంచేస్తుంది. మజ్జలో చెదురుమదురుగా మిగిలిన లుకేమియా (మజ్జలో పుట్టే రక్త క్యాన్సర్) కణాల మీదికి ఇంతకంటే తగిన ఆయుధం నాకు తోచదు. చిక్కల్లా సరుకుతోనే. ఆక్టీనియం ఎక్కువగా థోరియం-229 నుంచి తీసిందే. ఆ థోరియం పాత యురేనియం-233 నిల్వల నుంచి వచ్చింది, ఆ నిల్వలు పరిమితం. యాక్సిలరేటర్లలో (రేణువులను అతివేగంగా తోసే యంత్రాలలో) తయారుచేసే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఆస్టటీన్ అర్ధాయువు ఏడు గంటలకు కాస్త పైన, ఆల్ఫా పుంజం ఇవ్వగల సైక్లోట్రాన్ (అలాంటి యంత్రమే) దగ్గర్లో ఉంటే తప్ప లాభం లేదు. ఒక కంపెనీ ఒక మందు కోసం ఇవన్నీ కట్టుకోదు. కట్టుకున్నా, మందు అమ్ముడుపోకపోతే తలుపులు మూసేస్తుంది. అందుకే ఐసోటోపుల తయారీ ప్రభుత్వాల బాధ్యతగా ఉండాలంటాను, మంచినీటి పథకంలాగా.

మీ వ్యాసంలో సియెర్రా ట్రయల్‌ను ఒక్క వాక్యంలో మెచ్చుకుని వదిలేశారు. అది 55 ఏళ్ళు, ఆపై వయసున్న, చికిత్సకు లొంగని అక్యూట్ మైలాయిడ్ లుకేమియా రోగులు 153 మందితో జరిగింది. రక్తకణాల మీద ఉండే సీడీ45 ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీకి అయోడిన్-131 తగిలించి, మజ్జ మార్పిడికి ముందు ఇచ్చారు. జబ్బు లొంగి ఆరు నెలలు అలాగే నిలిచినవాళ్ళు ఈ వర్గంలో 17 శాతం, మామూలు చికిత్స వర్గంలో ఒక్కరూ లేరు. కానీ మొత్తం మీద ఎంతకాలం బతికారని చూస్తే రెండు వర్గాలకూ తేడా కనబడలేదు. మామూలు చికిత్స పనిచేయనివాళ్ళను ఈ చికిత్సకు మారనిచ్చారు, సగానికి పైగా మారారు. దాంతో లెక్క కలగాపులగమైంది. రోగి వైపు నుంచి చూస్తే ఆ వెసులుబాటు న్యాయమే, ఎవరు కాదంటారు? 2024 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఇది చాలదు, ఆయుర్దాయం పెరిగిందని ఇంకో ట్రయల్‌లో చూపించమంది. కఠినమే అయినా నాకది తప్పనిపించలేదు. అయితే ఆ రెండో ట్రయల్ ఖర్చంతా కంపెనీ నెత్తినే వేస్తే అది ఎప్పటికీ జరగకపోవచ్చు. ప్రజాధనంతో స్వతంత్రంగా జరిపించవలసినవి ఇలాంటివే.

కార్-టి (రోగి సొంత రోగనిరోధక కణాలను మార్చి తిరిగి ఎక్కించడం) లాంటి చికిత్సలు వచ్చాక ఇదెందుకు అనేవాళ్ళూ ఉన్నారు. కార్-టి అందరి ఒంటికీ పడదు, అందరికీ నిలవదు. తయారీకి వారాలు పడుతుంది, అంతదాకా జబ్బు ఊరుకోదు. రేడియేషన్ పనిచేయడానికి రోగి రోగనిరోధక శక్తి బలంగా ఉండాల్సిన పని లేదు. ఏది ఎవరికి నప్పుతుందో తేలాలంటే రెండూ అందుబాటులో ఉండాలి కదా.

ఇకమీదట ఇలాంటి వార్త వచ్చినప్పుడు మీ విలేకరి నాలుగు సంగతులు అడగాలని మనవి. దేనితో పోల్చారు, రోగులు ఎక్కువ కాలం బతికారా, ఐసోటోపు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఇంజెక్షన్ ఇచ్చే విభాగానికి డబ్బు ఎవరు కడతారు. నాలుగోదానికి జవాబు దొరకకపోతే, దొరకలేదనే శీర్షికలో వేయండి.

ఇట్లు
ఒక విశ్రాంత న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు