చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది

ఒరేయ్ పైపుగాడా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. ముందు తనివితీరా తిట్టేసుకో, కోపం దిగాక చదువు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ "ఇంకొక్క సంగతి తేలనీ, అప్పుడు రాస్తా" అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు తేలింది. ఇంక ఆగలేను.

ఇంట్లో అందరూ బాగున్నారు. నాన్న మోకాలు నయం. చెల్లి పరీక్షలు అయిపోయాయి. ఆఫీసులో నన్ను వేరే సెక్షన్‌కి మార్చారు, పని తక్కువే. నువ్వు అడిగిన ఫొటోలు దొరికాయి, విడిగా పంపుతా. అంతే కబుర్లు.

ఇక విను. ఫోర్-టూ-ఫోర్ వచ్చిందిరా! మన పాత 35 సైజు మోడల్ ఇంజన్ మీద! అదే, మనిద్దరం "నిద్రకుంభం" అని పేరు పెట్టామే, అదే ఇంజన్. నోబ్లర్ స్టంట్ విమానం ముక్కుకి బిగించి, 60 అడుగుల తీగల మీద, మాస్టారి కళ్ల ముందు!

నీ పైపు ఇంజన్లకి, అదే ఎగ్జాస్టుకి ట్యూన్డ్ పైపు తగిలించినవాటికి, ఈ బాధే లేదు కాబట్టి కొంచెం మొదటినుంచీ చెప్తా. నీ రేడియో విమానానికి థ్రాటిల్ ఉంది, వేలితో తగ్గిస్తావు, పెంచుతావు. మాకు చేతిలో హ్యాండిల్, దానికి రెండు తీగలు, అంతే. ఇంజన్‌ని నేలమీద ఎలా వదిలామో ఇంధనం అయిపోయేదాకా దాని ఇష్టం. అందుకే పాతకాలం స్టంట్ వాళ్లు ఇంజన్‌తోనే థ్రాటిల్ పని చేయించారు. నీడిల్, అదే ఇంధనాన్ని కొలిచి వదిలే మర, కాస్త ఎక్కువ తెరిచి మిశ్రమాన్ని చిక్కగా ఉంచితే, అది ఒక తిరుగుడు వదిలి ఒక తిరుగుడుకి పేలుతుంది. పేరుకి ఫోర్-స్ట్రోక్ అంటాం గానీ లోపల ఉన్నది అదే టూ-స్ట్రోక్. గొంతు బొంగురుగా ఉంటుంది, వెనకాల తెల్లటి నూనె పొగ గీత గీసినట్టు వస్తుంది. సమతలంగా ఎగిరినంతసేపూ అలా ఉండాలి. ముక్కు పైకెత్తగానే వేగం తగ్గి ప్రొపెల్లర్ మీద బరువు పడుతుంది, వెనకున్న ట్యాంకులోంచి ఇంధనం పైకెక్కి రావాలి కాబట్టి మిశ్రమం రవ్వంత పలచబడుతుంది. అప్పుడు ప్రతి తిరుగుడుకీ పేలడం మొదలెడుతుంది. ఎత్తు రాగానే ఎద్దు మెడ వంచి బండిని లాగినట్టు. పల్టీ అయిపోయి కిందికి దిగి సమతలానికి రాగానే మళ్లీ బొంగురు గొంతులోకి రావాలి. నాలుగు, రెండు, నాలుగు. ఎవరూ ఏ మీటా ముట్టుకోకుండా! ఇంతకంటే అందమైన ఏర్పాటు మోడల్ విమానాల్లో ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం. నువ్వు ఒప్పుకోవు, తెలుసు.

సరే, ఇంజన్ నాకు ఏ స్థితిలో చేరిందో నీకు తెలుసు కదా. ఆముదం ఎండి, గట్టిపడి, క్రాంక్ ఒక్క గీత కూడా కదిలేది కాదు. ప్రొపెల్లర్ పట్టుకుని బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుందని మాస్టారు ముందే హెచ్చరించారు. వెనక మూత, హెడ్ విప్పి, మిగతాదంతా యాంటీఫ్రీజ్‌లో ముంచి సన్నటి వేడిమీద రాత్రంతా ఉంచాను (దానికోసం వేరే గిన్నె, అది విషం, ఆ గిన్నె ఇంక దేనికీ పనికిరాదు). పొద్దున తీస్తే గోధుమరంగు పొరంతా ఊడిపోయి లోహం కొత్తదిలా మెరిసింది. వేలితో తిప్పితే పిస్టన్ పైకి వచ్చేచోట ఆ పట్టు! ఇనప పిస్టన్, ఉక్కు స్లీవు, రింగులు లేవు, ఒకదానికొకటి అరగదీసి కూర్చినవి. అన్నేళ్లు మూలన పడున్నా కంప్రెషన్ చెక్కుచెదరలేదు.

ఇంధనం విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. ఇప్పటి రేడియో ఇంధనాల్లో నూనె తక్కువ, అందులోనూ సింథటిక్‌దే పెద్ద వాటా. నీ ఇంజన్లకి అది చాలు. ఈ పాత ఇనప పిస్టన్లకీ, బేరింగులు లేకుండా బుష్ మీదే తిరిగే క్రాంకులకీ చాలదు. నాలుగో వంతు నూనె ఉండాలి, అందులో ఎక్కువభాగం ఆముదమే ఉండాలి. సింథటిక్ కాలిపోయే వేడిలో కూడా ఆముదం గోడని అంటుకునే ఉంటుంది, వేడిని తనతో బయటికి మోసుకుపోతుంది. నైట్రోమీథేన్ 5 శాతం పెట్టాను. కొత్తలో రన్-ఇన్‌లాగే చిక్కటి మిశ్రమం మీద చిన్నచిన్న పరుగులు పెట్టి, మధ్యలో పూర్తిగా చల్లారనిచ్చి, అలా కొన్ని. అబ్బ, ఆ వాసన!

నీడిల్ మరల దగ్గర గాలి పీల్చుకుంటోందని అనుమానం వచ్చి అక్కడ చిన్న సిలికాన్ ట్యూబు ముక్క తొడిగాను. పెట్టిన సెట్టింగ్ తనంతట తాను జరిగిపోవడం ఆ రోజుతో ఆగిపోయింది. ఇది నువ్వూ చెయ్యి, నిమిషం పని. ప్రొపెల్లర్ 10 బై 6 (10 అంగుళాల పొడవు, 6 అంగుళాల పిచ్), బ్యాలెన్స్ చేసిందే. బ్యాలెన్స్ లేకపోతే అదురుకి ట్యాంకులో నురగ లేస్తుంది, నురగ వెళ్లినచోట మిశ్రమం పలచబడుతుంది, మనం నీడిల్‌ని అనుమానిస్తూ కూర్చుంటాం.

తర్వాత ట్యాంకు. మామూలు గొట్టాల ట్యాంకులో ఇంధనం తగ్గేకొద్దీ ఇంజన్ పలచబడుతూ పోతుంది. ఎందుకో నీకు వెంటనే తట్టదు, మీ విమానం గుండ్రంగా తిరగదు కాబట్టి. మా విమానం ఎప్పుడూ చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, ఇంధనమంతా బయటివైపు గోడకి నొక్కుకుపోతుంది. ఆ పొర మందం తగ్గుతుంటే నీడిల్ దగ్గరి ఒత్తిడి కూడా తగ్గుతుంది. యూనిఫ్లో ట్యాంకులో గాలి లోపలికి వచ్చే గొట్టం కొస ఇంధనం తీసుకునే గొట్టం పక్కనే ఉంటుంది, అందుకని ట్యాంకు నిండుగా ఉన్నా అడుగంటుతున్నా నీడిల్‌కి తేడా తెలీదు. అది మార్చగానే మొదటి చుట్టూ చివరి చుట్టూ ఒకే గొంతు.

కానీ తలకిందులుగా తిప్పితే చుట్టు త్వరగా అయిపోతోంది! మామూలుగా 5 సెకన్ల పైచిలుకు పట్టే చుట్టు, తిరగేస్తే అంతకంటే తొందరగా. అంటే తిరగబడినప్పుడు పలచబడుతోందన్నమాట, అంటే ట్యాంకు నీడిల్ కంటే ఎత్తులో ఉందన్నమాట. కింద వేసిన ప్లైవుడ్ పలక తీసేసి పలచటిది పెట్టాను. స్టాప్‌వాచ్‌తో చూస్తే రెండువైపులా సమానం. ఇలాంటి పని చక్కగా కుదిరితే మనసుకి ఎంత హాయిగా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవ. అన్నీ కుదిరాయి, ముక్కు ఎత్తగానే టూ-స్ట్రోక్‌లోకి చక్కగా దూకుతోంది. తిరిగి రావడం లేదు! లూప్ అయిపోయింది, సమతలంగా వస్తోంది, అయినా అదే కీచు గొంతుతో చుట్లు మీద చుట్లు. వేగం పెరిగిపోయి, చెయ్యి లాగేసి, తర్వాతి ఫిగర్‌కి నేను సిద్ధం కాకముందే విమానం అక్కడికి వచ్చేస్తోంది. మైదానంలో ప్రతి ఒక్కరూ ఇచ్చిన సలహా ఒకటే, నీడిల్ ఇంకాస్త తెరువు అని. తెరిస్తే వింగోవర్‌లో (నిటారుగా ఎక్కి నెత్తిమీదుగా అవతలివైపు దిగే విన్యాసం అది) పైన బలం చాలక తీగలు వదులు. తీగలు వదులైన ఆ క్షణం ఒంట్లో రక్తం ఎలా గడ్డకడుతుందో... వద్దులే, అది తలుచుకోను.

మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన గురించి నీకు రాయాలి, రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. ఆయనకి వినబడటం లేదురా. బాగా దగ్గరికి వెళ్లి పెద్దగా చెబితే తప్ప. వీపు తిప్పుకుని నిలబడి "పావు తిరుగుడు లోపలికి" అని చెప్పేవారు కదా, మనిద్దరం నోరెళ్లబెట్టేవాళ్లం కదా, ఆ చెవులు. నేను సమస్యంతా కాగితం మీద రాసి చూపించాను. చదివి, "నీడిల్‌ని వదిలెయ్. వేడిని చూడు" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచన. గ్లో ఇంజన్‌కి టైమింగ్ మార్చే మీట లేదు. రే ఆర్డెన్ 1947లో గ్లో ప్లగ్ అమ్మకానికి తెచ్చిన దగ్గరినుంచీ, కాయిలూ బ్యాటరీ మోసే బాధ పోయింది గానీ, ఎప్పుడు అంటుకోవాలో నిర్ణయించే అధికారం కూడా మన చేతుల్లోంచి పోయింది. ప్లగ్‌లో ప్లాటినం తీగ, దానిమీద మిథనాల్ ఆవిరి, లోపలి వేడి, కంప్రెషన్, అవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. నా ఇంజన్ టూ-స్ట్రోక్‌లోకి వెళ్లగానే ప్రతి తిరుగుడుకీ పేలి హెడ్ బాగా వేడెక్కుతోంది. ఆ వేడీ, ఎక్కువ కంప్రెషనూ కలిసి, మిశ్రమం మళ్లీ చిక్కబడ్డా దాన్ని ప్రతిసారీ అంటించేస్తున్నాయి. ఇక అది వెనక్కి ఎందుకొస్తుంది? నీడిల్ ఎంత తిప్పినా ఈ ముడి విప్పలేదు. విప్పాల్సింది కంప్రెషన్ దగ్గర!

హెడ్ కింద ఇంకో గాస్కెట్ వేశాను. అంతేరా. కాగితంలాంటి ఒక్క గాస్కెట్!

ఆ సాయంత్రం గాలి లేదు. మాస్టారిని కుర్చీతో సహా తీసుకొచ్చి చుట్టు బయట కూర్చోబెట్టారు. స్టార్ట్ చేసి, ఇంధనం ట్యూబు ఒక్కసారి నొక్కాను, శుభ్రమైన టూ-స్ట్రోక్. వదిలాను, మళ్లీ బొంగురు. నొక్కు, వదులు. అప్పుడే అర్థమైపోయింది నాకు, వెన్నులో ఏదో పాకింది. వదిలిపెట్టమని తల ఊపాను. ముందు రెండు చుట్లు సమతలంగా, బొంగురుగా, వెనక తెల్లటి పొగ. వింగోవర్‌కి ముక్కు ఎత్తాను. గొంతు మారింది! నెత్తిమీద తీగలు బిగుతుగా, కిందికి దిగాక మళ్లీ బొంగురు. ఇన్‌సైడ్ లూప్‌లు మూడు. ఎక్కేటప్పుడు కీచు, దిగేటప్పుడు బొంగురు, మూడుసార్లూ ఒకేచోట మారింది, గీత గీసి పెట్టినట్టు. ఓవర్‌హెడ్ ఎయిట్ చేస్తుంటే నేను గట్టిగా అరిచానట, నాకు గుర్తులేదు.

విమానం దిగాక మాస్టారి వైపు చూశాను. ఆయనకి వినబడలేదు కదా అని మనసు ఎలాగో అయిపోయింది. ఆయన చెయ్యెత్తి నాలుగు వేళ్లు చూపించారు. తర్వాత రెండు. తర్వాత నాలుగు. పొగ చూశారురా! చిక్కటి పొగ నాలుగు, పలచబడితే రెండు. దగ్గరికి పరిగెత్తాను. "రెండో లూప్‌లో కొంచెం ముందే మారింది. తలకిందుల చుట్టులో పొగ సమానంగా ఉంది, ట్యాంకు బాగా పెట్టావు" అన్నారు. ఏమనాలి చెప్పు? రెండో లూప్ సంగతి నాకు వినబడలేదు, ఆయనకి కనబడింది.

నువ్వు రావాలిరా. ఆయన్ని చూడ్డానికైనా రావాలి. నీ గురించి రెండుసార్లు అడిగారు, "పైపులు కోసుకునే వాడు ఎలా ఉన్నాడు" అని.

అన్నట్టు నీ రేడియో విమానం క్యురారే సంగతి. హన్నో ప్రెట్నర్ 1977లో రేడియో విమాన విన్యాసాల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది దానిమీదే కదా, నువ్వు చేతులెత్తేస్తే ఎలా? నిటారుగా ఎక్కేటప్పుడు సగంలో చప్పున చచ్చుబడిపోతోందన్నావు. పైపు పొట్టిగా కోసేశావని నా అనుమానం. పొట్టి పైపు ఎక్కువ వేగం దగ్గరే అందుకుంటుంది, ఎక్కుతూ బరువు పడి వేగం కాస్త పడగానే పట్టు జారిపోతుంది. కొత్త హెడర్ (ఇంజన్‌కీ పైపుకీ మధ్య గొట్టం) వేసి, ముందు పొడుగ్గా ఉంచి, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున తగ్గించు. ప్రతిసారీ ఎగరేసి చూశాకే ఇంకోటి కొయ్యి. నేలమీద ట్యాకోమీటర్‌లో పెద్ద అంకె చూసి మురిసిపోకు. గరిష్ఠం నుంచి నిమిషానికి ఓ 300 చక్కర్లు తగ్గేదాకా నీడిల్ తెరిచి, ముక్కు నిటారుగా ఎత్తి పట్టుకుని విను. పట్టుకునేది ఇంకొకరైతే మంచిది, నీడిల్ మాత్రం ప్రొపెల్లర్ వెనకనుంచే తిప్పు. ఎత్తినప్పుడు గొంతు కాస్త పెరగాలి, కుంగకూడదు. కుంగితే ఇంకా పలచగా ఉన్నట్టే. ఇవన్నీ చూశాక కూడా చచ్చుబడితే అప్పుడు ట్యాంకు ఎత్తు, ప్రెషర్ ట్యూబు చూడు. ప్లగ్ గురించి నువ్వడిగిన రెండో ప్రశ్నకి పెద్ద జవాబే ఉంది, లాంగ్ రీచ్ వేస్తే హెడ్ లోపల

హారన్ కొడుతున్నారు, వెళ్లాలి. ఇది ఇప్పుడు పోస్టు చెయ్యకపోతే మళ్లీ వారం పోతుంది. మిగతాది వచ్చే ఉత్తరంలో. హెడర్ కొలత పంపు, కోసేముందు పంపు!

నీ
నిద్రకుంభం యజమాని