కొట్టకముందే మోగిన దూలం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. ఇంట్లో అందరం క్షేమమే, నా మోకాలి నొప్పి కూడా తగ్గింది. ఇక అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పది మీటర్ల ఉక్కు దూలానికి రెండు కొనల్లోనూ కంపన సెన్సర్లు బిగించి, వాటిని చెరొక డేటా అక్విజిషన్ పెట్టెకు (సెన్సర్ సంకేతాలను సమయంతో సహా నమోదు చేసే పరికరానికి) కలిపి, పెట్టెలను నెట్‌వర్క్‌లో పెట్టి, ఇవతలి కొన మీద సుత్తితో కొట్టాను. ఉక్కులో ఆ అల సెకనుకు సుమారు 5,000 మీటర్లు పోతుంది కనుక, అవతలి సెన్సర్ 2 మిల్లీసెకన్ల తరువాత అదరాలి. తెర మీద చూస్తే, నేను కొట్టడానికి 3 మిల్లీసెకన్ల ముందే అదిరింది! వెంటనే తప్పు సమయం చూపే నీ చేతి గడియారమే గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సెన్సర్లు మార్చాను, తీగలు మార్చాను, సుత్తిని కూడా అనుమానించాను. నాలుగో రోజున ఒకే సంకేతాన్ని సమానమైన పొడవున్న తీగలతో రెండు పెట్టెలకూ ఇచ్చి చూస్తే, ఒకే అల రెండు వేర్వేరు సమయాలతో నమోదైంది. మొదటి రోజే చేయవలసిన పని ఇది! పెట్టెలు ఎన్‌టీపీతో, అంటే నెట్‌వర్క్ ద్వారా గడియారాలను సరిచేసే మామూలు పద్ధతితో, సమయం సరిచేసుకుంటున్నాయి. కొన్ని మిల్లీసెకన్ల తేడా దానికి మామూలే, నాకు మాత్రం కొంప ముంచింది.

అదే పనిని మరింత కచ్చితంగా చేసే పీటీపీకి, అంటే ఐఈఈఈ 1588 అనే ప్రమాణానికి మారినా తిప్పలు తీరలేదు. సందేశం బయలుదేరిన, చేరిన, తిరుగు సందేశం బయలుదేరిన, చేరిన నాలుగు సమయాలను బట్టి అది దారిలోని ఆలస్యాన్ని లెక్కగట్టి తీసేస్తుంది. కాని పోవడానికీ రావడానికీ ఒకే సమయం పడుతుందన్న నమ్మకం మీదే ఆ లెక్కంతా నిలుస్తుంది. పెట్టెలను కలిపే నా పాత నెట్‌వర్క్ స్విచ్ రద్దీ పెరిగినప్పుడల్లా ఒకవైపు సందేశాలను ఎక్కువసేపు ఆపేది, ఆ తేడాలో సగం నేరుగా గడియారంలోకి తప్పుగా దిగేది. పీటీపీ తెలిసిన స్విచ్ పెట్టాక తేడా మైక్రోసెకను లోపలికి వచ్చింది.

అన్నట్టు, సమయం వేసే గడియారాలు కలిసినంత మాత్రాన సరిపోదు, శాంపిళ్లు, అంటే సంకేతం నుంచి వరుస కొలతలు, ఎప్పుడెప్పుడు తీయాలో తాళం వేసే క్రిస్టల్ కూడా వాటి మాట వినాలి. రెండు క్రిస్టళ్ల మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా, సెకనుకు 10,000 శాంపిళ్ల చొప్పున గంటకు 720 శాంపిళ్లు పక్కకు జరుగుతాయి. అందుకే క్రిస్టళ్లను కూడా ఆ గడియారాలకు కట్టేసి, నిన్న రాత్రి గంటసేపు నడిపి, చివర్లో మళ్లీ సుత్తితో కొట్టి చూస్తే సరిగ్గా 2 మిల్లీసెకన్లు! ఆ గీతను నీకు చూపించాలని

అవతలి గదిలోంచి పిలుస్తున్నారు, మళ్లీ రాస్తాను.

నీ
సుత్తివాడు