చేపపిల్లలు వదిలారా, కొర్రమీనుకు మేత వేశారా?

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో మా చెరువులో చేపపిల్లలు వదిలిన వార్త, ఫొటో చూశాను. కోపం తగ్గాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. తగ్గలేదు.

ఆ ఫొటోలో చేపపిల్లల సంచీకి ఎన్ని చేతులు వేశారో లెక్కపెట్టండి. లోపలి పిల్లలేమో అంగుళం కూడా లేవు. సంచీని కాసేపు నీటిపై తేలనిచ్చి, రెండు నీళ్లూ ఒకే వేడికి వచ్చాక మూతి విప్పాలని చేపలు పెంచే ఎవరినడిగినా చెబుతారు. మిట్టమధ్యాహ్నం తెచ్చి, ఫొటో కాగానే కుమ్మరించి వెళ్లారు. మర్నాడు గట్టువార తేలిన పిల్లలను కొంగలు ఏరుకుతిన్నాయి. దానికి ఫొటోగ్రాఫరు రాలేదు.

బొచ్చె, శీలావతి చేపలు చెరువు నీటిలో గుడ్లు పెట్టవు. 1957లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించే పద్ధతి సాధించబట్టే నేడు ఏటా పిల్లలను కొని వదలగలుగుతున్నాం. కాదనను. కానీ నాలుగంగుళాలు పెరిగాక వదలాల్సిన పిల్లను ఇప్పుడే వదిలితే అది కొర్రమీను నోట్లోకే పోతుంది. ప్రజల సొమ్ముతో కొర్రమీనులకు మధ్యాహ్న భోజన పథకం నడుపుతున్నామని చెప్పేస్తే పోలేదా?

పోనీ, ఆ కొర్రమీనునైనా బతకనిస్తున్నారా? దానికి పిల్లలను కొని వదలక్కర్లేదు. గాలి పీల్చుకుని కాసిని నీళ్లలో, బురదలో కూడా ఓర్చుకుంటుంది. వానలు పడగానే తుంగలో గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే కింద పెద్ద చేపలు కాపలా కాస్తాయి. గుంపు కనబడితే చాలు, అక్కడే గాలం వేసి పెద్దవాటిని లాగేస్తారు. ఎండాకాలంలో, వేలంలో చెరువు పాడుకున్నవారు చివరి మడుగుకూ మోటారు పెట్టి తోడేస్తారు. చివరి నీళ్లు తోడరాదని, తొలివానల్లో పిల్లల గుంపు దగ్గర గాలం వేయరాదని వేలం షరతుల్లో రెండు వాక్యాలు రాయడానికి ఏ నిధులు కావాలి?

హైదరాబాదులో ఎక్కడ చూసినా నెల్లూరు చేపల పులుసు బోర్డే. ఇక్కడ మన మార్కెట్‌లో ప్రాణంతో ఉన్న కొర్రమీను ధర అడగాలంటే ముందు జేబు చూసుకోవాలి. కోళ్ల వ్యర్థాలతో పెంచే నిషేధిత ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌కు మాత్రం ఏ అడ్డూ లేదు. తనిఖీలంటే సిబ్బంది కొరత, సంచీ పట్టుకోవాలంటే పదిమంది సిద్ధం! మొక్కలు నాటడమూ ఇంతే, ఏటా అదే గుంతలో కొత్త మొక్క.

మా చెరువు వేలం మళ్లీ రాబోతోంది. ఆ రెండు వాక్యాలు చేర్చమని అర్జీ పెట్టాను. సంబంధిత విభాగానికి పంపుతామన్నారు. ఏ విభాగమని అడిగితే, అది అర్జీలో మీరే రాయాల్సింది అన్నారు.

– ఒక పాఠకుడు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా