ఆ 11వ క్లాజు తీయించాకే సంతకం

గవర్నర్‌పేట, విజయవాడ

ఒరేయ్ బావా,

మీ కోల్డ్ స్టోరేజీ సెన్సర్ల కంపెనీలో పెట్టుబడికి ఆ టెక్ కంపెనీ పెట్టుబడి విభాగం ఇచ్చిన టర్మ్ షీట్ (షరతుల కాయితం) నువ్వు పంపావుగా, మొత్తం చదివా. డబ్బు పడకముందు కంపెనీకి 36 కోట్ల విలువ కట్టి 4 కోట్లు పెడతామంటున్నారు, అంటే మొత్తం 40 కోట్లలో వాళ్లకి 10 శాతం. రేటు బాగానే ఉంది, దాని గురించి ఇంకా బేరమాడక్కర్లేదు. నా బెంగంతా రేపు కంపెనీ అమ్మాల్సొస్తే అడ్డొచ్చే 11వ క్లాజు మీదే. అన్నీ వివరంగా రాస్తున్నా, మీ పార్ట్‌నర్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

ముందు ఆ డబ్బు ఎక్కడిదో చూడు. మామూలు వీసీ (వెంచర్ క్యాపిటల్) ఫండ్ పదిమంది దగ్గర డబ్బు పోగేసి పెడుతుంది, గడువులోపు లాభంతో తిరిగివ్వాలి. టెక్ కంపెనీ పెట్టుబడి విభాగానికి డబ్బు సొంత కంపెనీ ఖజానాలోంచే వస్తుంది. లాభంతోపాటు తమ చిప్పులో, క్లౌడో అమ్ముడుపోవడానికి నువ్వు పనికొస్తావా అని కూడా లెక్కేస్తారు. అందులో తప్పేం లేదు. క్వాల్‌కామ్ వెంచర్స్ మన దగ్గర మ్యాప్‌మైఇండియాలో, డ్రోన్లు చేసే ఐడియాఫోర్జ్‌లో పెట్టింది. ఒకటి 2021లో, ఇంకోటి 2023లో స్టాక్ మార్కెట్‌కి వచ్చాయి. అలాగని అన్ని విభాగాలూ ఒకే తీరు కాదు. గూగుల్ 2009లో పెట్టిన జీవీ, డబ్బంతా ఆల్ఫాబెట్‌దే అయినా, మామూలు వీసీలాగే లాభం చూసుకుని నడుస్తుంది. నీకొచ్చినవాళ్లు ఏ రకమో మొహమాటం లేకుండా అడుగు.

ఇంకో సంగతి. పైన కుర్చీలో మనిషి మారితే ఈ విభాగం దారే మారిపోవచ్చు. ఇంటెల్ క్యాపిటల్ 1991 నుంచి ఉంది. 2025 జనవరిలో దాన్ని వేరు కంపెనీ చేస్తామన్నారు, కొత్త సీఈఓ వచ్చాక ఏప్రిల్‌లో వద్దనుకున్నారు. అంత పాతదానికే ఇలా జరిగింది. కాబట్టి వచ్చే పెట్టుబడి రౌండ్‌లో కూడా వీళ్లే పెడతారని లెక్క రాసుకోకు. వీలైతే ఈ రౌండ్‌కే ఒక మామూలు వీసీని ముందు నిలబెట్టి, వీళ్లని వెనక చేర్చుకో.

ఇక 11వ క్లాజు. రైట్ ఆఫ్ ఫస్ట్ రెఫ్యూజల్, అందరూ రోఫర్ అంటారు. కంపెనీని ఎవరైనా కొంటామని వస్తే, అదే రేటుకి కొనే మొదటి హక్కు వీళ్లది, ఆలోచించుకోడానికి 30 రోజులు. పైకి చూస్తే నష్టమేముంది, రేటు అదేగా అనిపిస్తుంది. కొనేవాడి వైపు నుంచి చూడు. వాడు రెండు మూడు నెలలు లాయర్లనీ ఆడిటర్లనీ పెట్టి, నీ లెక్కలన్నీ తిరగేసి, ఒక రేటు చెబుతాడు. ఆ రేటు పట్టుకుని వీళ్లు కొనేసుకుంటారు, వాడి ఖర్చు గంగలో కలుస్తుంది. ఇది ముందే తెలిసినవాడు అసలు నీ గుమ్మం తొక్కడు. మీ మిర్చి యార్డులో చూస్తూనే ఉంటావుగా, అప్పిచ్చిన కమీషన్ కొట్టుకే సరుకు తోలాల్సిన రైతుకి బేరం ఎలా ఉంటుందో.

బదులుగా ఇలా రాయించు: అమ్మకం మాట మొదలైతే వాళ్లకి నోటీసు ఇస్తాం, పది పని దినాలు ఆగుతాం, వాళ్లు కావాలంటే తమ రేటు చెప్పొచ్చు, కానీ అవతలివాడి రేటుకి సరితూగి లాక్కునే హక్కు ఉండదు. మరీ పట్టుబడితే, మొదటి ఆఫర్ హక్కు వరకు దిగు. ముందు వాళ్లే రేటు చెబుతారు, నీకు నచ్చకపోతే ఆరు నెలల్లోపు అంతకంటే ఎక్కువకి ఎవరికైనా అమ్ముకోవచ్చు. కొత్త రౌండ్లలో తమ వాటా నిలబెట్టుకునే హక్కు మాత్రం సంతోషంగా ఇవ్వు, దాంతో ఇబ్బంది లేదు.

ఇక పైలట్ సంగతి, అంటే ముందుగా చిన్నగా చేసి చూసే ప్రయోగం. కోల్డ్ స్టోరేజీల్లో పైలట్ చేస్తామని వాళ్ల బిజినెస్ యూనిట్ నుంచి మాటిచ్చినాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన బదిలీ అయితే పైలట్ అక్కడితో ఆగిపోతుంది. ఇంకో పేరు కూడా అడుగు, ఖర్చు ఏ బడ్జెట్‌లోదో రాయించు. ఆ ఒప్పందం పెట్టుబడి కాయితాలతో కలపొద్దు, వేరుగా ఉండాలి. ఎన్ని చాంబర్లు, ఎన్ని రోజులు, సెన్సర్ రీడింగులో ఎంత తేడా వరకు ఒప్పుకుంటారు అన్నీ అంకెల్లో ఉండాలి. సెన్సర్ ఎక్కడ పెడతారో కూడా రాయాలి. ఫ్యాన్ ఎదురుగా పెట్టిందీ, టిక్కీల (మిర్చి బస్తాల) దొంతర మధ్యలో దూర్చిందీ ఒకే డిగ్రీ చూపించవు. అది రాయకపోతే రేపు మీ సెన్సరే తప్పంటారు.

నెలనెలా రిపోర్టులో కస్టమర్ల పేర్లు, రేట్లు ఇవ్వకు. మూడు నెలలకోసారి లెక్కలు చాలు, అవీ పెట్టుబడి విభాగం దాటి వాళ్ల ఇంజినీర్ల దాకా పోకూడదని రాయించు. బోర్డులో వాళ్ల పరిశీలకుడు కూర్చోవచ్చు, పోటీ విషయం వచ్చినప్పుడు బయటికి వెళ్లాలి.

కాయితాల దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ఏంజెల్ ట్యాక్స్ (షేర్లు అసలు విలువకంటే ఎక్కువకి అమ్మితే కంపెనీ మీద పడే పన్ను) పోయింది కదా, ఇక వాల్యుయేషన్ రిపోర్టు దేనికి అనుకుంటారు. తప్పు. కంపెనీల చట్టం కింద రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు కావాలి, విదేశీ డబ్బు కాబట్టి ఫెమా (విదేశీ మారకం చట్టం) కింద కూడా రిపోర్టు కావాలి, షేర్ ధర అందులో తేలిన విలువకి తగ్గకూడదు. రెండిట్లో అంకెలు పొంతన లేకుండా వస్తే ప్రశ్నలు మొదలవుతాయి, ఆ రిపోర్టులు రాసేవాళ్లిద్దరితోనూ ముందే మాట్లాడు. డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో పడాలి. పడిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగిచ్చెయ్యాలి, అదీ దాటితే 12 శాతం వడ్డీ. కేటాయించిన 15 రోజుల్లో పాస్-3 ఫారం (కేటాయింపు వివరాలు కంపెనీల రిజిస్ట్రార్‌కి చెప్పేది) వెయ్యాలి. అది వేసేదాకా ఆ డబ్బులో రూపాయి కూడా ముట్టుకోకూడదు, జీతాలకైనా సరే. కేటాయించిన 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకి ఎఫ్‌సీ-జీపీఆర్ (విదేశీ డబ్బుకి షేర్లిచ్చామని చెప్పే ఫారం) పెట్టాలి. ఇక్కడ తరచూ దెబ్బతినేది పేరు దగ్గర. డబ్బు పంపిన సంస్థ ఒకటి, షేర్లు తీసుకునే సంస్థ ఇంకోటి అయితే బ్యాంకు వెనక్కి కొట్టొచ్చు. డాలర్లు బయల్దేరకముందే ఆ రెండు పేర్లూ అక్షరం అక్షరం సరిచూసుకో.

ఇదంతా అనుకున్నదానికంటే ఎక్కువే పడుతుంది, వాళ్ల దగ్గర ప్రతిదీ రెండు మూడు కమిటీలు దాటాలి. తొమ్మిది నెలల జీతాలకి సరిపడా డబ్బు చేతిలో ఉండగానే మాట్లాడు. మూడు నెలలే మిగిలాయని వాళ్లకి తెలిస్తే 11వ క్లాజు కదలదు.

నోటీసు క్లాజు నేను తెలుగులో చెప్పినట్టే మీ లాయరుకి చెప్పు, ఇంగ్లీషులో ఆయన రాస్తాడు. వాళ్ల దగ్గర్నుంచి జవాబు రాగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. అమ్మకి నమస్కారాలు చెప్పానని చెప్పు.

నీ
బావ